కడపలో పలికిన హాజరు

పోయిన నెల కడపకు వెళ్లింది ఊరు చూడటానికి కాదు. అక్కడి వేరుశనగ మిల్లులో గోదాము గుమాస్తా పనికి అర్జీ పెడితే, సోమవారం వచ్చి కనపడమని ఉత్తరం వచ్చింది. మా ఎరుకల ఇళ్లలో ఎస్సెల్సీ పాసైంది నేనొక్కణ్ణే. నాయన కూడా వస్తానన్నాడు. మమ్మల్ని పుట్టుదొంగల కింద రాసిన చట్టం ఉన్నన్నాళ్లూ ఆయన పోలీసు పాసు లేకుండా పొలిమేర దాటింది లేదు. అది రద్దయి ఏళ్లయింది. ఊళ్లో రాత్రిపూట పోలీసుల ముందు పలికే హాజరు ఆగిందని మాత్రమే ఆయనకు తెలుసు.

కర్నూలులో బస్సు తెల్లవారి ఐదున్నరకు, మనిషికి ఐదు రూపాయల చిల్లర. నంద్యాల దాటాక దుమ్ముకు తలగుడ్డ తప్పదు. ఆళ్లగడ్డలో అరగంట ఆపుతారు, ఇడ్లీ తినవచ్చు. అక్కడ ఎక్కిన ఒక పెద్ద రైతు నా పక్కన కూర్చుని, మాటల్లో మా కులం రాబట్టి, వాదనకు దిగాడు. చట్టం పోయింది, చదువొచ్చింది, ఇంకా ఏడుపెందుకని ఆయన ప్రశ్న. ఆయనకు నలభై ఎకరాలు తండ్రి ఇచ్చినవి, కొడుక్కి ఉద్యోగం మేనమామ ఇప్పించింది. అయినా కష్టపడితే ఎవరికైనా వస్తుందట.

“మీ ఇంట్లో దొంగలు పడితే పోలీసోళ్లు ముందు యాడికి పోతారు సామీ?” అని అడిగాను.

“మీ గుడిసెలకే. అది మామూలే గదప్పా” అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. నాయన నా మోకాలు నొక్కి ఊరుకోమన్నాడు.

ఒంటిగంటకు కడపలో దిగాం. బస్టాండు నుంచి మిల్లు నడిచేంత దూరమే. నాయనను గేటు బయట నీడలో కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను. షావుకారు గంటసేపు కూర్చోబెట్టి, తర్వాత దస్తూరి చూసి మెచ్చుకుని, రేపే చేరమన్నాడు. అంతలో ఒక కానిస్టేబులు వచ్చి నా పేరడిగి, షావుకారును పక్కకు పిలిచి మాట్లాడి వెళ్లాడు. షావుకారు నా ఉత్తరం మడిచి తిరిగి నా చేతిలో పెట్టాడు.

“గోదాము తాళాల పని గదప్పా. ఏమనుకోవద్దు” అన్నాడు.

బయటికొస్తే నాయన లేడు. కాసేపటికి వీధి మలుపులో నవ్వుతూ కనిపించాడు.

“టేషన్‌కు పోయి హాజరు పలికొచ్చినా నాయినా. కొత్త ఊరికొస్తే ముందు అదే చెయ్యల్ల గదా. నీ పేరు, మిల్లు పేరు గూడా చెప్పినా. రేపు నిన్నెవురూ ఏమీ అనకూడదని.”

పనేమైందని అడిగితే ఖాళీ లేదట అన్నాను. నలభై ఏళ్లు ఆయన చేత హాజరు పలికించడానికి పోలీసులు, రిజిస్టర్లు, లాఠీలు అన్నీ ఉన్నాయి. ఇక పలకక్కర్లేదని చెప్పడానికి మాత్రం ఒక్క మనిషి రాలేదు. కడప నుంచి తిరుగు బస్సు మూడింటికే, అది తప్పితే మర్నాడే. మా ఇళ్ల నుంచి ఎవరైనా పని కోసం ఆ దారిన వెళ్తే, వెంట వచ్చే పెద్దవాళ్లకు బస్సు ఎక్కకముందే ఒక మాట చెప్పండి: మనం ఎవరి ముందూ హాజరు పలకక్కర్లేదని. ఎస్సెల్సీ చదివిన నేను ఆ మాట చెప్పలేదు.