మూడు రోజుల్లో ఒక ఖాళీ రోజు

నా చెయ్యి నా మాట వినదు. ఇరవై రెండేళ్లుగా బస్సులో కండక్టర్‌గా చేస్తున్నాను. ఎవరైనా నా ముందుకు ఏదైనా చాపితే, నేను ఆలోచించేలోపే చెయ్యి వెళ్లి అందుకుంటుంది. అది నోటు కావచ్చు, ఆధార్ కార్డు కావచ్చు, ముందు స్టాపులో చెల్లెలికి ఇవ్వమని ఎవరో పంపిన పచ్చడి డబ్బా కావచ్చు. వద్దనడం నోటికి తెలుసు, చేతికి తెలియదు. ఈ చేతి వల్లే నా సెలవుకు ముప్పు వచ్చింది.

అసలు ఆ సెలవు సరదాకి పెట్టింది కాదు. ఆ ఎండాకాలం ఇబ్రహీంపట్నం నుంచి ఎల్‌బీ నగర్ సర్వీసులో ఉన్నాను. ఫుట్‌బోర్డు దాకా జనం. ఒక కాలేజీ పిల్ల ఆడవాళ్ల ఉచిత టికెట్‌కు చూపాల్సిన ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. ఇంకో రోజైతే రెండు మాటలని టికెట్ కొట్టేదాన్ని. ఆ రోజు ఏం పూనిందో, దారి మధ్యలో తుర్కయాంజాల్‌లో దింపేశాను. దింపుతూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. కొడతానేమోనన్నట్టు నా చేతి వైపు చూసింది. బస్సు కదిలాక చూసుకుంటే టికెట్ మిషన్ మీద నా వేళ్లు వణుకుతున్నాయి.

మర్నాడు పొద్దున డిపో గేటు దగ్గర నిలబడిపోయాను. బస్సు ఎక్కబుద్ధి కాలేదు. బద్ధకం కాదు, భయం. ఇవాళ ఎవరిని ఏం చేస్తానో అని నామీద నాకే భయం. నాతో పదేళ్లుగా డ్యూటీ చేస్తున్న డ్రైవరన్న దిగి వచ్చి నా మొహం చూశాడు.

"చెల్లె, లీవు పెట్టు. లేకుంటే ఒకనాడు ఎవర్నన్న కొడ్తవ్. నౌకరీ పోతది."

నవ్వకుండానే అన్నాడు. అదే రోజు నాలుగు రోజులకు కాగితం పెట్టాను. ఆదివారం పొద్దున మొదటి ట్రిప్పుకు నేను మళ్లీ బస్సెక్కాలి. ఎక్కగలగాలి. నాకు కావలసింది అదొక్కటే.

సముద్రం నేను ఎప్పుడూ చూడలేదు. విశాఖపట్నం పోయి, ఒక్కదాన్నే, సముద్రం ముందు కూర్చుంటానని ఇంట్లో చెప్పాను. మంగళవారం సాయంత్రం రైలు, శుక్రవారం సాయంత్రం తిరుగు రైలు. మధ్యలో మూడు రోజులు. అయిపోవచ్చిన టికెట్ రోలు ఒకటి సంచిలో ఉంటే దాని మీద రాసుకున్నాను. బుధవారం, సముద్రం. గురువారం, సముద్రం. శుక్రవారం, సముద్రం.

మా ఆయన అది చదివి పడీ పడీ నవ్వాడు. అంత దూరం పోయి కూర్చోవడమేంటి, కూర్చునేదైతే మన పెద్ద చెరువు కట్ట ఏం పాపం చేసింది అన్నాడు. పోక పోక పోతున్నావు, నాలుగు చూసి రావాలన్నాడు. చెడ్డ మనిషి కాదు. నేను సుఖపడాలనే ఆయన ఆరాటం. ఆ ఆరాటంతోనే నన్ను అడక్కుండా గురువారానికి అరకు రైలు టికెట్ ఫోన్‌లో కొనేశాడు, అద్దాల పెట్టెలో కిటికీ సీటు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన ఫోను ముందుకు చాపాడు, నా చెయ్యి అందుకుంది. రోలు మీద గురువారం కొట్టేశాను.

పక్కింట్లో జాకెట్లు కుట్టే ముస్లిం అక్క ఉంటుంది, అందరం ఆపా అంటాం. కంటి ఆపరేషన్ బాగా జరిగి, సూదిలో దారం మళ్లీ తనే ఎక్కించుకుంటోంది. ఆ మొక్కు ఉందట. విశాఖలో ఓడరేవు దగ్గర గుట్ట మీద దర్గా ఉంది, అక్కడి సమాధి మీద కప్పమని ఆకుపచ్చ చాదర్ మడతపెట్టి తెచ్చింది. పట్టుకున్నాను. బుధవారం పొద్దుటి పూట పోయింది.

లీవు పెట్టమన్న ఆ డ్రైవరన్నే సోమవారం డ్యూటీ దిగేటప్పుడు జేబులోంచి మొక్కు డబ్బుల చిన్న మూట తీశాడు. సింహాచలం హుండీలో వెయ్యాలట. "దగ్గర్నే కద చెల్లె" అన్నాడు. ఆయన మొహం మీదే అనాలనిపించింది, అన్నా, నన్ను పంపేది నువ్వే, పని చెప్పేది నువ్వేనా అని. అప్పటికే మూట నా చేతిలో ఉంది. బుధవారం మధ్యాహ్నం కూడా పోయింది.

మిగిలింది శుక్రవారం. దాని చుట్టూ పెన్నుతో గీత గీశాను. ఎవడడ్డం వచ్చినా సరే, ఇది ఇచ్చేది లేదు అనుకున్నాను.

మంగళవారం పొద్దున సంచి సర్దుకుంటుంటే మా వదిన వచ్చింది. మా అన్న భార్య, వెనక వీధిలోనే ఇల్లు. రెండు బర్రెలున్నాయి, పొద్దున సాయంత్రం పాలు పిండి హోటళ్లకు పోస్తుంది. మాటలో కారం ఎక్కువ. ఆ రోజు మాత్రం మెల్లగా వచ్చి గడప మీద కూర్చుని, కొంగు ముడి విప్పి, పసుపు గుడ్డలో కట్టిన ముడుపు తీసింది. పదకొండేళ్ల కిందటి ముడుపు. గుడ్డ రంగు మారి గోధుమ రంగుకు వచ్చింది. తన పిల్లవాడు విషజ్వరంతో దవాఖానలో పడి ఉన్నప్పుడు, బతికితే అన్నవరం కొండకు వస్తానని మొక్కి కట్టింది. వాడు బతికాడు, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ముడుపు మాత్రం దేవుడి గూట్లోనే ఉండిపోయింది. వాడికి కాస్త తలనొప్పి వచ్చినా ఆమె గూటి వైపు చూడటం నాకు తెలుసు.

చాపింది. నా చెయ్యి పోయింది. పట్టుకున్నాక గాని బుర్ర పని చేయలేదు.

శుక్రవారం నాకు వేరే పని ఉంది వదినా అన్నాను. ఏం పని అంది. సముద్రం దగ్గర కూర్చోవాలి అన్నాను. చెప్తుంటే నాకే సిగ్గేసింది.

"కూసునుడు గూడ ఒక పనేనా?" అంది వదిన. లేచి నిలబడి, తలుపు దగ్గర ఆగింది. "చెయ్యి మారిన ముడుపు మళ్ల ఇంటికి రావద్దు. యాదిల పెట్టుకో."

ఇది మా దగ్గర అందరికీ తెలిసిన మాటే. పుచ్చుకున్న ముడుపును తిరిగి ఇస్తే, మొక్కిన వాళ్లకు కీడని భయం. ఆమె పోయాక రోలు ముందేసుకుని డ్యూటీ చార్టు వేసినట్టు లెక్క వేశాను. విశాఖ నుంచి అన్నవరం బస్సులో మూడు గంటలు. కొండ ఎక్కడం, క్యూ, దర్శనం. మళ్లీ మూడు గంటలు. పోనీ తిరుగు రైలు అక్కడ ఆగుతుందా అంటే ఆగదు. ఎటు తిప్పినా సముద్రానికి మిగిలేది నలభై నిమిషాలు. రోలు నలిపి గోడకేసి కొట్టాను. మళ్లీ నేనే ఏరుకుని సంచిలో పెట్టుకున్నాను.

బుధవారం రైలు దిగిన దగ్గర్నుంచీ పరుగే. దర్గాలో చాదర్ కప్పాను. ఆపా కళ్లు తలుచుకుని దండం పెట్టాను, అది మాత్రం మనసుపెట్టే చేశాను. తర్వాత సింహాచలం క్యూ. ఎండ, చెమట, ముందు వాళ్లు కదలడం లేదు. నా గొంతు దానంతటదే లేచింది.

"జరగాలె, ముందుకు జరగాలె, లోపల ఖాళీ ఉంది."

గుడి క్యూలో! నలుగురు నిజంగానే జరిగారు. కొందరు నవ్వారు. నా ముందున్న ముసలమ్మ మాత్రం ఉలిక్కిపడి, తడబడుతూ కమ్మీ పట్టుకుంది. నా వైపు చూసింది. అదే చూపు, తుర్కయాంజాల్‌లో దిగిన పిల్ల చూపు. ఆరు వందల కిలోమీటర్లు వచ్చినా డ్యూటీ దిగలేదు నేను. హుండీలో మూట వేసి, ఎవరి మొహమూ చూడకుండా బయటపడ్డాను. ఆదివారం బస్సెక్కగలనన్న నమ్మకం పోయింది.

అరకు బాగుందనే అంటారు. అద్దాల పెట్టెలో కూర్చుని నేను గంటలు లెక్కపెట్టుకున్నాను. సొరంగాలు వచ్చినప్పుడల్లా అందరూ కేకలు పెడుతుంటే, నేను ఒళ్లోని సంచిలో ముడుపు తడుముకున్నాను.

శుక్రవారం పొద్దున ఆరింటికి విశాఖ బస్టాండులో నిలబడ్డాను. ఒక ప్లాట్‌ఫారం మీద అన్నవరం మీదుగా పోయే బస్సు, దానికి కాస్త అవతల సముద్రం వెంట పోయే భీమిలి బస్సు. అప్పుడు తట్టింది నాకు. నేను ఎన్ని మూటలు మోయలేదు? ఎవరో ఇస్తే ఎవరికో అందజేయలేదా? అన్నవరం బస్సు కండక్టర్ కూడా ఆడమనిషే, నా ఈడుదే. కొండకు పోయే ప్రయాణికులెవరికైనా అప్పగించి హుండీలో వేయిస్తుంది. ఇన్నేళ్లలో ఈ మాత్రం పని నాకోసం ఎవరైనా చేయకూడదా?

దగ్గరికి వెళ్లి ముడుపు చాపాను. ఆమె తల తిప్పి ఎవరితోనో మాట్లాడుతోంది. నన్ను చూడలేదు, ఏమిటని అడగలేదు. చెయ్యి మాత్రం ముందుకు వచ్చింది.

ఆ చెయ్యి చూశాను. బొటనవేలి పక్కన మిషన్ రాపిడికి కాయ కాసిన చోటు, నాకున్నట్టే ఉంది. వేలి చివర్లు సన్నగా అదురుతున్నాయి. తల తిప్పాక ఆమె మొహంలో ఒకటే మాట ఉంది, ఇంకొకటా అని.

"ఏంటమ్మా, ఎక్కడ ఇవ్వాలి?" అంది.

ఏం లేదు తల్లీ అని ముడుపు వెనక్కి తీసుకున్నాను. అన్నవరం బస్సు కదిలిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఎక్కాలనుకుంటే ఎక్కగలిగేదాన్నే. కిటికీ సీటు ఖాళీగా కనిపిస్తూనే ఉంది. కళ్ల ముందే వెళ్లిపోనిచ్చి, నడుచుకుంటూ వెళ్లి భీమిలి బస్సెక్కాను.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా సముద్రం ముందు కూర్చున్నాను. మొదటి రెండు గంటలు నరకం. పిల్లవాడికి జ్వరం వచ్చినట్టు, వదిన నా జుట్టు పట్టుకున్నట్టు ఏవేవో ఊహలు. లేచి బస్టాండుకు పోదామని రెండుసార్లు చెప్పులు కూడా వేసుకున్నాను. తర్వాత ఎప్పుడో ఊహలు ఆగిపోయాయి. పడవలు తోసుకునేవాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. తాటాకు పాక నీడలో సంచి తలకింద పెట్టుకుని నిద్రపోయాను. లేచి చూసుకుంటే రెండు చేతులూ ఇసుకలో వదిలేసినట్టు పడి ఉన్నాయి, వణుకు లేదు. బాగుంది. అబద్ధమెందుకు చెప్పాలి, ప్రాణం లేచి వచ్చినంత బాగుంది.

శనివారం సాయంత్రం వదిన ఇంటికి వెళ్లాను. పాలు పిండుతోంది. పిల్లవాడు అరుగు మీద ఫోను చూసుకుంటున్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. అది చూసి ముందు ఊపిరి పీల్చుకున్నాను. ముడుపు తీసి కొట్టం గోడ మీద పెట్టాను. వదిన చూసింది. పిండటం ఆపలేదు.

"యాళ్ల దొరకలేదా?" అంది.

టైము దొరకలేదు అంటే అయిపోయేది. ఆ మాట తనే నా నోటికి అందిస్తోంది. దాన్ని నేను అందుకోలేదు.

"దొరికింది వదినా. సముద్రం కాడ కూసున్న."

బకెట్‌లో పాల ధార వేగం పెరిగింది. తిడితే బాగుండు అనుకున్నాను. వానికి ఏమన్నా అయితే ఎట్ల అని నేలవైపు చూస్తూ అడిగింది. ఏం కాదన్నాను. తప్పు నాదే, కీడేదో నాకే తగలనీ అన్నాను. వచ్చే నెల ఇద్దరం పోదాం, టికెట్లు నేను తీస్తాను, ముడుపు నీ చేత్తో నువ్వే ఇద్దువు, సముద్రం కూడా చూద్దువు అన్నాను. నిజంగా మనసులోంచే అన్నాను. పదకొండేళ్లు ఎందుకు ఆగిందో అడగాలని మాత్రం నాకు తట్టలేదు.

వదిన లేచింది. కొంగుతో చేతులు తుడుచుకుని, గోడ మీది ముడుపు తీసి మళ్లీ కొంగుకే కట్టుకుంది. ముడి గట్టిగా లాగింది.

"నీకంటే డిపోల లీవిస్తరు. నాకెవరిస్తరు?"

బకెట్ తీసుకుని రెండో బర్రె దగ్గరికి వెళ్లి కూర్చుంది.