అక్క అర్థం చెప్పిన శనివారం

నా చిన్నప్పుడు, తమిళనాడులోని గుడియాత్తంలో మేమున్న వీధిలో మొదట డిగ్రీ పూర్తి చేసింది మా పక్కింటి అక్క. అది తెలుగు మేస్త్రీల వీధి. చెప్పులూ తోలు సంచులూ విదేశాలకు పంపే కొత్త ఆఫీసులు వేలూరులో ఒకటొకటిగా తెరుస్తున్న రోజులవి. అక్క బీకాం ఫస్ట్ క్లాసులో పాసయింది కనుక ఇక ఉద్యోగం వచ్చినట్టేనని అందరం అనుకున్నాం.

ఆమె మాత్రం ఇంటర్వ్యూ నుంచి వాడిన ముఖంతో తిరిగి వచ్చింది. సరుకు ఆలస్యమైందని కొనేవాడు కోపంగా ఫోన్ చేస్తే ఏం చెబుతావని మేనేజరు అడిగాడట. అక్క పాఠంలోని జవాబు అప్పజెప్పింది. ఆయన మధ్యలో ఆపి ఇంకేదో అడిగితే, మళ్లీ మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. కాలేజీలో అందరూ అలాగే చదివారు; మధ్యలో తెగితే మొదటికి పోవాల్సిందే. ఆయన చెడ్డవాడు కాడు, నెల తర్వాత ఇంకోసారి రమ్మన్నాడు. ఈసారీ ఎంపిక కాకపోతే ఉద్యోగం మాటే ఎత్తొద్దని వాళ్ల నాన్న తేల్చేశాడు.

సంగతి మా తాతయ్య చెవిన పడింది. ఆయన మా భజన కూటానికి పెద్ద. శనివారం భజన అయ్యాక ఒకరు పురాణ పద్యం చదివితే, ఆయన అర్థం చెప్పేవారు. మావాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఆ అర్థం కోసమే కూర్చునేవారు. ఆ శనివారం తాతయ్య మెడకు తువ్వాలు చుట్టుకుని, గొంతు పోయిందని సైగ చేసి, అక్కను తన చోట కూర్చోబెట్టారు. మధ్యాహ్నమే ఆ గొంతు వీధి చివరి దాకా వినిపించిందని నాకు తెలుసు.

మొసలి పట్టిన ఏనుగును స్వామి కాపాడిన ఘట్టం అది. అక్క చిన్నప్పటి నుంచి విన్న మాటలనే గడగడా చెప్పసాగింది. ముందు వరుసలోని ఒక అవ్వ చెయ్యెత్తింది.

"ఆగు పాపా. స్వామి అంత ఆలస్యంగా ఎందుకొచ్చినాడు?"

అక్క తడబడి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

"అయ్యో, మళ్లా మడుగు కాడి నించేనా! తెల్లారిపోతాది తల్లీ. నేనడిగింది చెప్పు."

అందరూ నవ్వారు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వెళ్లిపోతుందేమోనని భయపడ్డాను. తాతయ్య కళ్లు మూసుకుని చేతులు జోడించారు. అక్క కళ్లు తుడుచుకుని అవ్వ వైపు తిరిగింది.

"ఏనుగు తన బలమే చాలనుకొనింది అవ్వా, పిలవలేదు. పిలిచినాక ఆయన యాడా నిలవలేదు."

"అట్ల చెప్పు! మరి ఆ మొసలి గతేమి?"

అక్క దానికీ జవాబు చెప్పింది. హారతి వేళకు కూటమంతా ఆమెను ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. అవ్వ లేస్తూ తాతయ్యతో, "అడగమన్నావు, అడిగినా. చాలా నాయనా?" అంది. తాతయ్య గొంతు సంగతి మరచి పెద్దగా నవ్వేశారు.

అయినా ఆ నెలంతా శనివారం వచ్చేసరికి ఆయన గొంతు పోతూనే ఉంది. తర్వాత అక్క వేలూరు వెళ్లింది. మేనేజరు ఎక్కడ అడ్డు తగిలితే అక్కడి నుంచే జవాబు చెప్పిందట. ఉద్యోగం ఇచ్చారు.

స్వామి జ్ఞానాన్ని అందరిలోనూ ఉంచాడనీ, దాన్ని పలికించడానికే మనల్ని ఒకరికొకరిని ఇచ్చాడనీ నా నమ్మకం. చదువు ముగించి పని వెతుక్కుంటున్న పిల్లలు ఇప్పుడు ఇంటర్వ్యూలో నా ముందు మాట మధ్యలో ఆగిపోతే, పనికిరారని తోసెయ్యలేను. వీళ్లను ఇంతవరకు ఎవరూ ప్రేమగా అడ్డగించి ఉండరనుకుని, ఇంకొక ప్రశ్న అడుగుతాను.