ట్రాలీ తొయ్యమన్న డాక్టరు

"నిన్నడిగినానా? ట్రాలీ తొయ్యి, చాలు."

ఆత్మకూరు ఆసుపత్రిలో, రోగులందరి ముందూ, ట్రైనింగుకు వచ్చిన కుర్ర డాక్టరు పెంచలప్రసాద్ అన్న మాట అది. అన్నది ఎవరిని? వాడు పుట్టకముందు నుంచీ సూదులు వేస్తున్న నర్సు రెబెకమ్మని! ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే హుసేనయ్య కాలి పుండుతో చేరాడు. అతని గురించి ఆమె ఏదో చెప్పబోతే ఈ మాట. పక్క మంచాలవాళ్లు కిసుక్కుమన్నారు. రెబెకమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇదే వార్డులో, వీళ్ల ముందే, వీడి నోటితో సారీ చెప్పించకపోతే నా పేరు రెబెకమ్మే కాదు అనుకుంది.

కొత్త సూపరింటెండెంటు ప్రసన్నకుమారి ఆమె చేతికి కత్తి ఇచ్చినంత పని చేసింది. ట్రైనింగు డాక్టర్లు అందరితో కలిసి పనిచెయ్యడం నేర్చుకోవాలట. అందుకని రోజూ మంచం మంచం తిరిగే రౌండ్స్‌లో రోగి సంగతి ముందు నర్సు చెప్పాలి, తర్వాత మందులిచ్చే ఫార్మసిస్టు, చివర డాక్టరు.

ఇక చూడండి రెబెకమ్మ తడాఖా. పొద్దున్నే చేజర్ల బస్సు దిగి, ప్రతి మంచం దగ్గరా కూర్చుని ఏం తిన్నారో, నిద్ర పట్టిందో, ఇంట్లో గొడవలేమిటో అన్నీ అడిగేది. రౌండ్స్‌లో గడగడా చెప్పేసేది. మిగిలిన కాస్తా ఫార్మసిస్టు శ్రీనివాసులు ఊడ్చేసేవాడు. "మీరేమన్నా చెప్తారా డాక్టర్?" అని మేడమ్ అడిగితే పెంచలప్రసాద్ నేల చూపులు చూసేవాడు. ఆ పూట రెబెకమ్మకు ఆసుపత్రి క్యాంటీన్ ఉప్మా కూడా రుచిగా ఉండేది.

వాడు మాత్రం ఊరుకుంటాడా? ఆమెకంటే ముందే రావడం మొదలుపెట్టాడు. ఇద్దరూ పోటీలు పడి అడుగుతుంటే హుసేనయ్య దండం పెట్టాడు.

"ఇద్దురూ కలిసి ఒకేసారి రాండమ్మా. చెప్పిందే చెప్పలేక చస్తా ఉండాను."

గత్యంతరం లేక, మొహాలు చెరో పక్కకు తిప్పుకుని, కలిసే కూర్చున్నారు. హుసేనయ్య పుండు మానింది.

అతను ఇంటికి వెళ్లే రోజు రౌండ్స్‌కు కొత్త డాక్టర్లు కూడా వచ్చారు. ప్రసన్నకుమారి వీళ్లిద్దరినీ చూపించి, "టీమ్‌వర్క్ అంటే ఇదీ" అంది.

రెబెకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "టీమూ లేదు, ఏమీ లేదు మేడమ్. ఈ సారు ఇందరి ముందర నన్ను తీసిపారేసినాడు. ఆ కసితో చేసినాను. సారీ ఇంకా రాలా."

పెంచలప్రసాద్ మొహం కందగడ్డలా అయింది. "తప్పయిపోయింది సిస్టర్" అన్నాడు, గొంతులోనే.

"హుసేనయ్యకు వినపళ్ళేదు. గట్టిగా చెప్పండి సార్."

రెండోసారి వరండా దాకా వినబడింది. రెబెకమ్మ తలూపి పక్క మంచానికి కదిలింది. క్షమించానని మాత్రం ఇవాళ్టికీ అనలేదు.