అవ్వకు మూడు ఫోన్లు

ఆ రోజుల్లో నాకు ఊపిరి సలపనంత పని ఉందని అందరికీ చెప్పుకునేదాన్ని. నిజానికి సాయంత్రమైతే తీరిక తప్ప ఇంకేమీ ఉండేది కాదు. జనగామలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరితే, చిట్యాల దగ్గరి పత్తి మిల్లు వాళ్లకు సాఫ్ట్‌వేర్‌లో ఏమేం కావాలో అడిగి రాసుకురమ్మని నన్ను పంపారు. భూపాలపల్లిలో అద్దె గది. మాట్లాడాలనిపిస్తే కూరగాయల బండి దగ్గరికి వెళ్లి, అక్కర్లేని వంకాయల ధర అడిగి వచ్చేదాన్ని.

మిల్లులో గేటు దగ్గరి ఆయన, కాంటా వేసే ఆయన, పత్తిలో తేమ చూసే ఆయన విడివిడిగా ఒకే మాట చెప్పారు: తన లెక్క తేలగానే సాఫ్ట్‌వేర్ నుంచి దానంతటదే రైతుకు ఫోన్ పోవాలి. చెప్పలేదన్న మాట తన మీదికి రాకూడదని ఎవరి భయం వారిది. ముగ్గురి పనుల్లోనూ కలిసిపోయిన ఈ ఫోన్ సంగతిని ఇప్పుడే బయటికి తీసి, వేరే పనిగా ఒక్కచోట రాద్దామని ఆఫీసులో నాకు పని చెప్పే అన్నతో అన్నాను. “ఎవలడిగింది వాళ్ల కింద రాయి చెల్లె, మళ్ల చూసుకుందం” అన్నాడు. రాశాను. రికార్డు చేయడానికి గొంతు కూడా నాదే దొరికింది. (వార్తలు చదివే అమ్మాయిలా మొదలుపెట్టి, మా బచ్చన్నపేట పిల్లలా ముగించాను.)

మొదటిసారి నడిపి చూసిన రోజు, మొగుళ్లపల్లి నుంచి ట్రాక్టరులో పత్తి పంపి ఇంట్లో కూర్చున్న ఒక అవ్వకు వెంటవెంటనే మూడు ఫోన్లు వెళ్లాయి. మూడింటిలోనూ నా గొంతే, “మీ పత్తి పని అయిపోయింది” అని. ఇన్నిసార్లు చెబుతున్నారంటే పత్తి తగలబడే ఉంటుందని ఆమె ఆటో ఎక్కి ఏడ్చుకుంటూ వచ్చేసింది. పత్తి చూపించి, కుర్చీ వేసి, నీళ్లిచ్చాక, ఆ గొంతు ఎవరిదని అడిగింది. ముగ్గురూ ఒకేసారి నన్ను చూపించారు (ఆ ఒక్క పని మాత్రం కలిసి చేశారు). వెళ్తూ నా నంబరు అడిగి తీసుకుంది.

అన్న ఈసారి సరేనన్నాడు. ఫోన్ పనిని విడదీశాం. ఎవరు ఏ లెక్క తేల్చినా, చివరికి రైతుకు ఒక్క ఫోనే. మళ్లీ పత్తి పంపిన సాయంత్రం అవ్వ నాకు ఫోన్ చేసింది.

“ఇయ్యాల ఒక్కసారే మాట్లాడినవేంది బిడ్డా? పాణం మంచిగ లేదా?”

మంచిగనే ఉన్నానన్నాను.

“తిన్నవా మరి?”

ఆ ఊళ్లో అంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఏం వండుతున్నానో చెప్పడం మొదలుపెట్టి ఎంతసేపు మాట్లాడానో, పొయ్యి మీద అన్నం మాడిపోయింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు, కలిసిపోయిన అవసరాలను మొదట్లోనే విడదీయమని గట్టిగా చెబుతుంటాను. చెబుతూ ఉండగానే, మాడిన అన్నాన్ని ఆ సాయంత్రం అంత తృప్తిగా తిన్న ఆ బచ్చన్నపేట పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పక్కన కూర్చుని ఇంకాస్త వడ్డించాలనిపిస్తుంది.