పదో నది

ఫ్లోరెన్స్‌కి నలభై అయిదేళ్లు. తెనాలిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది. నరం దొరకని ముసలివాళ్లకి కూడా ఒక్కసారి సూది గుచ్చి రక్తం తీస్తుందని ఆమెకి పేరు. భర్త దేవసహాయం బస్సు కండక్టరు. ఆమె చిన్నప్పుడు ఒక వీడియో గేముని ఏడేళ్లపాటు ఆడిందనీ, దాని చివర ఏముందో చూడకుండానే పెద్దదైపోయిందనీ అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆమె నాన్న యోబు తొంభై రెండులో రేపల్లె స్టేషన్ దగ్గర వీడియో గేముల షాపు పెట్టాడు. నాలుగు టీవీలు, నాలుగు మిషన్లు, ఒక చెక్కపెట్టె నిండా కేసెట్లు. బడి వదిలితే చాలు, మగపిల్లలు తుపాకుల ఆటలకీ కార్ల ఆటలకీ ఎగబడేవాళ్లు. మద్రాసు నుంచి గుత్తగా తెచ్చిన కేసెట్లలో ఒకదాని మీద అట్ట చిరిగిపోయి ఉండేది. దాని పేరేంటో ఎవరికీ తెలియదు. అది పెడితే ఒక నది, ఒక బల్లకట్టు, దాని మీద గెడ పట్టుకున్న ఒక మనిషి కనబడేవాడు. కాల్చడానికి తుపాకీ లేదు, చంపడానికి శత్రువు లేడు. అవతలి ఒడ్డుకి మేకల్నీ, పీపాల్నీ, మనుషుల్నీ దాటించాలి, అంతే. "ముసలోళ్ల గేము" అని పిల్లలు దాన్ని రెండు నిమిషాల్లో పీకేసేవాళ్లు.

రంగులు సరిగా రాని నాలుగో టీవీ ఖాళీగా ఉన్నప్పుడు ఫ్లోరెన్స్ దాని ముందు కూర్చునేది. అలా పన్నెండో ఏట ఆ గేము ఆమెకి దక్కింది. ఆడిన కొద్దీ తెలిసిందేమిటంటే, అది కనిపించినంత తేలిక కాదు. బరువు ఒక పక్కకి చేరితే బల్లకట్టు ఒరుగుతుంది. మేక భయపడితే ఇంకో మేక కదులుతుంది. నీటి వేగం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఆ వేగాన్ని నీటి రంగు చూసి పసిగట్టాలి. మొదట్లో చూపించే పటంలో పది నదులుండేవి. ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటి నదే.

ఆమె మూడుసార్లు తొమ్మిదో నది దాకా వెళ్లింది. ఒకసారి బేరం వచ్చింది. "లెగమ్మా, బాబుకి ఇవ్వు" అన్నాడు నాన్న. ఇంకోసారి కరెంటు పోయింది. ఒక ఆదివారం ఆటని మధ్యలో ఆపి, మిషను అలాగే వదిలి గుడికి వెళ్లింది. పాస్టరు గారి ప్రసంగమంతా ఆమె పైన ఫ్యాను వంకే చూస్తూ కూర్చుంది. ఆఖరి కీర్తన మొదలయ్యేసరికి ఫ్యాను ఆగిపోయింది.

తొంభై తొమ్మిదిలో షాపు మూసేశారు. మిషన్లు అమ్ముడుపోయాయి, ఈ కేసెట్టుని మాత్రం ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోలేదు. ఫ్లోరెన్స్ దాన్ని పాత చీరముక్కలో చుట్టి దాచుకుంది.

మొన్న ఫిబ్రవరిలో ఇర్షాద్ అనే ఆయన తన తల్లిని షుగర్ పరీక్షకి ల్యాబుకి తీసుకొచ్చాడు. బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. కాలేజీ ఉత్సవాల్లో పాత వీడియో గేములకి ఒక హాలు ఇచ్చారట. అందరికీ తెలిసినవి కాకుండా, అప్పట్లో ఎవరూ పట్టించుకోని మంచి గేముల కోసం వెతుకుతున్నానని ఎవరితోనో ఫోనులో చెబుతున్నాడు. ఫ్లోరెన్స్ అతని తల్లి చేతికి దూది అదుముతూ విన్నది.

"సార్, తుపాకీ లేని గేము కూడా పనికొస్తుందాండి?" అని అడిగింది.

ఇర్షాద్ ఫోను పెట్టేశాడు. "అలాంటివే కావాలండి. మీ దగ్గరుందా?"

ఉత్సవం రోజున ఆమె, దేవసహాయం బాపట్ల రైలెక్కారు. ఇర్షాద్ బాగుచేయించిన పాత మిషనులో కేసెట్టు పెడితే మూడోసారికి బొమ్మ వచ్చింది. రెండూ నలభైకి ఆమె మొదలుపెట్టింది. ఆటకి మూడు బల్లకట్టులు ఇస్తుంది. మూడూ మునిగితే ఆట అయిపోయినట్టే. మొదట వెనక నిలబడ్డ కుర్రాళ్లు నవ్వారు. "ఏంటి ఆంటీ, ఎంతసేపూ మేకలేనా?" అన్నాడొకడు. అయిదో నదిలో ఆమె ఒక బల్లకట్టు పోగొట్టుకున్నప్పుడు ఎవరూ నవ్వలేదు. ఎనిమిదో నదిలో రెండోది పోయేసరికి హాలులో కుర్చీలన్నీ ఆ టీవీ వైపే తిరిగి ఉన్నాయి.

మిగిలింది ఒక్కటే. టైము నాలుగూ నలభై.

అప్పుడు ఎలక్ట్రీషియన్ శాలేమురాజు తలుపు దగ్గరకొచ్చాడు. "సార్, అయిదింటికి ఈ హాలు లైను తీసేస్తున్నామండి. స్టేజీ లైట్లకి చాలట్లేదు."

"ఇంకో అరగంట ఆగలేవా రాజూ?"

"నా చేతుల్లో లేదండి. పెద్దసారు చెప్పారు."

ఫ్లోరెన్స్ తల తిప్పలేదు. తొమ్మిదో నది మధ్యలో ఉంది. ఇర్షాద్ పరుగెత్తి ఆఫీసు గదిలోంచి ఒక యూపీఎస్ తెచ్చాడు. దాని బ్యాటరీ పాతది. మిషను, టీవీ రెండూ గోడకే ఉన్నాయి. ఇప్పుడు తీస్తే ఆట పోతుంది. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించి ఉన్నాయి. దాని ప్లగ్గుని గోడ నుంచి పీకకుండా యూపీఎస్‌కి మార్చే దారి లేదు, లాభం లేదనుకున్నాడు.

"ఆ మిషనుకి బ్యాటరీతో నడిచే వీలుందాండి?" అని దేవసహాయం అడిగాడు.

ఉంది. అడుగున ఆరు బ్యాటరీల పెట్టె ఉంది. కదలకుండా మిషనుని అరచెయ్యెత్తు లేపి, కింద నుంచి ఒక్కొక్క బ్యాటరీ దూర్చాలి. కాస్త కుదిపితే కేసెట్టు కదిలి బొమ్మ బిగుసుకుపోతుంది. దేవసహాయం రెండు చేతులతో మిషను ఎత్తి పట్టుకున్నాడు. హిమబిందు అనే సెకండియర్ అమ్మాయి పక్క గదుల గోడగడియారాలలోవీ, రిమోట్లలోవీ అడిగి తెచ్చిన బ్యాటరీలు ఇర్షాద్‌కి అందించింది. ఆరోది లోపలికి వెళ్లేదాకా ఫ్లోరెన్స్ ఆడుతూనే ఉంది. ఆమె చెమట ముక్కు చివర నిలిచింది, తుడుచుకోలేదు.

అయిదుకి అర నిమిషం ఉండగా తొమ్మిదో నది దాటింది. తెర నల్లబడి, పదో నది వచ్చింది.

అది మిగతా నదుల్లా లేదు. అవతలి ఒడ్డు కనబడలేదు. నీళ్లు తెర నిండా ఉన్నాయి. ఆమె వెంటనే ఆటని ఆపింది. అదే క్షణంలో హాలులో ఫ్యాన్లు నెమ్మదించాయి. టీవీ ఆరిపోయింది.

మిషను మీద చిన్న ఎర్రలైటు మాత్రం వెలుగుతోంది.

"ఎదురు బిల్డింగులో కరెంటుంది, కంప్యూటర్ ల్యాబు. పైన మేడ మీద" అన్నాడు ఇర్షాద్. "ఈ పాత బ్యాటరీలు ఎంతసేపు వస్తాయో చెప్పలేనక్కా. పది నిమిషాలు కూడా రాకపోవచ్చు."

"నేను పట్టుకుంటానండి" అంది ఫ్లోరెన్స్.

ఆమె మిషనుని రెండు అరచేతుల మీదకి తీసుకుంది. హిమబిందు, ఇంకో కుర్రాడు టీవీ ఎత్తుకున్నారు. ఇర్షాద్ ముందు పరుగెత్తి దారి చేశాడు. ఆవరణంతా కుర్చీలు, స్పీకర్ల తీగలు, కొత్త బట్టల్లో పిల్లలు. దేవసహాయం ఆమె పక్కనే వెనక్కి నడుస్తూ, బస్సులో అరిచినట్టు అరిచాడు. "జరగండి, జరగండి! బాబూ, ఆ తీగ ఎత్తు! ఫ్లోరా, ముందు మెట్టుంది."

"మీరు అరవకండి. అడుగు చూసుకోనివ్వండి" అందామె. అతను నోరు మూసుకుని, మెట్టు మెట్టుకీ ఆమె మోచేతి కింద తన చెయ్యి ఉంచాడు.

ఇరవై రెండు మెట్లు. పద్నాలుగో మెట్టు దగ్గర ఎర్రలైటు మసకబారింది. పైకి చేరి, బల్ల మీద మిషను పెట్టి, ఇర్షాద్ కరెంటు తీగ గుచ్చాడు. లైటు మళ్లీ నిండుగా వెలిగింది. అంతమాత్రాన ఆట బతికి ఉందని కాదు. టీవీ తగిలించేదాకా తెలియదు. తగిలించారు. తెర నీలంగా అయింది. అలాగే ఉండిపోయింది. దేవసహాయం కళ్లు మూసుకున్నాడు. తీగ ఒకసారి తిప్పితే నది వచ్చింది.

గదంతా అరిచింది.

ఫ్లోరెన్స్ వెంటనే ఆడింది. చేతులకి కాస్త విరామం ఇవ్వాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆరుసార్లు దాటించింది. ఏడోసారి ఒక ముసలామెనీ, ఒక మేకనీ, ఒక పెద్ద గంటనీ ఎక్కించింది. నీటి రంగు మారడం చూసింది కానీ ఆగలేదు. గంట జారింది. బల్లకట్టు పక్కకి ఒరిగి మునిగిపోయింది. పది నదుల పటం వచ్చి, ఆట మొదటికి చేరింది.

నాలుగు నిమిషాలు. ముప్ఫై ఏళ్ల తర్వాత చూసిన నదిలో ఆమె ఉన్నది అంతసేపే.

ఎవరో "అయ్యో" అన్నారు. మెల్లగా జనం స్టేజీ వైపు వెళ్లిపోయారు. ఫ్లోరెన్స్ వేళ్లు ముడుచుకుని కూర్చుంది. తను ఓడిపోయినందుకు కాదు, తొందరపడినందుకు తన మీద తనకే కోపంగా ఉంది. నాన్న వెనక నుంచి లెగమంటాడన్నట్టు ఆడింది. ఇక్కడ ఎవరూ లేవమనలేదు.

"టీ తాగుదాం పద" అన్నాడు దేవసహాయం.

హిమబిందు మాత్రం టీవీ ముందు నుంచి కదల్లేదు. "మేడం, ఆ గంట గాలికి కాదు, నీళ్ల కుదుపుకి ఊగుతోంది. ముసలామెని గంట పక్కన కాకుండా ఎదురు మూల నిలబెడితే?"

ఫ్లోరెన్స్ తలెత్తి ఆ పిల్లని చూసింది. ఆ గేము గురించి తనతో ఇంకొకరు మాట్లాడటం జీవితంలో అదే మొదటిసారి. "అక్కడ నిలబడదమ్మా. మేక ఉంటుంది" అంది. "అయితే మేకని ముందు దాటించాలి" అంది పిల్ల. ఇద్దరూ ఒక కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. రైలు వెళ్లిపోయింది. పొన్నూరు మీదుగా బస్సులో ఇల్లు చేరారు.

మూడు వారాల తర్వాత రెండో శనివారం మధ్యాహ్నం, అదే కంప్యూటర్ ల్యాబులో ఆమె మళ్లీ కూర్చుంది. ఈసారి చూసేవాళ్లు ముగ్గురే. హిమబిందు నీటి రంగు మారినప్పుడల్లా చెబుతోంది. ఇర్షాద్ గుమ్మంలో నిలబడ్డాడు. దేవసహాయం స్విచ్‌బోర్డు దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాశాడు. పదో నది చేరేసరికి రెండు బల్లకట్టులు ఉన్నాయి. ఒకటి ఏడో దాటింపులోనే మునిగింది. ఫ్లోరెన్స్ ఆట ఆపి, లేచి, మంచినీళ్లు తాగి, కిటికీ దగ్గర కాసేపు నిలబడి వచ్చింది. తర్వాత మేకని ముందు దాటించింది. ముసలామెని ఎదురు మూల నిలబెట్టింది. గంట ఊగింది, ఊగింది, నిలిచింది.

పదో దాటింపు అయ్యాక బల్లకట్టు మనిషి గెడ కింద పెట్టాడు. ఒడ్డెక్కి, అందరి మధ్యా కూర్చున్నాడు. ఎవరో అతనికి గిన్నెలో ఏదో ఇచ్చారు. అతను తాగాడు. అంతే, పావు నిమిషం.

"ఇంతేనా?" అన్నాడు దేవసహాయం.

"చాలండి" అంది ఫ్లోరెన్స్. హిమబిందు భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మొదటి నది నుంచి ఆడు. నేను చెప్పను, చూస్తా" అంది.

ఆ పిల్ల ఇప్పటికి ఆరో నది దాకా వచ్చింది.