ఆకుల కింద చెయ్యి

అమ్ముడుపోని పాత బొమ్మల మీదే ఈ మధ్య కొత్తవి వేస్తున్నాను. ఈ మధ్యాహ్నం బూర్గంపాడులోని నా గదికి ఒక హోటల్ యజమాని వచ్చాడు. ఇప్పపూలు ఏరుతున్న కోయ స్త్రీ బొమ్మను మూడేళ్ల కిందట చూసి, మొఖం వాడిపోయినట్టుందని వద్దన్నది ఈయనే. నిన్న ఆ బొమ్మ మీదే టేకు ఆకులు వేశాను. ఆమె కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది.

ఆయన మురిసిపోయాడు. "అడవంటే గిట్లుండాలె! గా చెయ్యేంది సార్? గది గూడ ఆకులతోని కప్పెయ్యుండ్రి. రూములల్ల దిగేటోళ్లకు ఒట్టి అడవి గావాలె."

"మరి పూలెవరు ఏరుతరు?" అన్నాను.

"ఏరుకోనియ్యుండ్రి సార్, బొమ్మల వాళ్లెందుకు? జల్దీ చేస్తే ఆదివారమే గోడకు కొడత."

ఈ మహానుభావుడు హోటల్‌కు వచ్చినవాళ్లకు ఇప్పపూల లడ్డూ పెట్టి స్వాగతం చెబుతాడట!

ఆయన వెళ్లగానే టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి తుడిచాను. నిన్నటి ఆకులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, ఇట్టే ఊడివచ్చాయి. మూడేళ్లుగా ఆరిన ఆమె మాత్రం చెక్కుచెదరలేదు. చేతిలో పచ్చరంగు గుడ్డ పట్టుకుని చాలాసేపు ఆయన్నే తిట్టుకున్నాను. కానీ ఆయన అడిగింది చెయ్యి ఒక్కటే. మిగతా మనిషిని ఎవరూ అడగకుండానే కప్పేసింది నేనే. ఇప్పుడు చెప్పండి, మా ఇద్దరిలో ఎవరిని తిట్టమంటారు?