పెదనాన్న మొన్న

మా పెద్దమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఏడాది తర్వాత చూద్దామని వెళ్లేసరికి స్టూలెక్కి ఫ్యాను తుడుస్తోంది. రెక్కల మీది జిడ్డు, దారప్పోగులు నల్లగా ముద్దలుగా ఊడివస్తున్నాయి.

కుర్చీలో కూర్చున్న పెదనాన్న విసుక్కున్నాడు. "మొన్ననే కదా తుడిచావు?"

ఆయనకు పెళ్లయిందీ మొన్ననే, రిటైరయిందీ మొన్ననే.

పెద్దమ్మ దిగొచ్చి గుడ్డ ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "ఇదిగో మీ మొన్న! వాసన చూడండి. రెప్ప వేసి తీసేసరికి ఏడాది, గుడ్డెడు జిడ్డు. ఇన్నాళ్లూ పీల్చింది దీని గాలే. ఛీ!"

ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఆమె గుడ్డ నా చేతికిచ్చి, ఫ్యాను వేసి, నావైపు తిరిగింది.

"అవునూ, మొన్ననే కదే వచ్చి వెళ్లావు, మళ్లీ సెలవులిచ్చారా?"

నేను గుడ్డ ఆమె ముక్కు దగ్గర పెట్టాను.